అయస్కాంత మోటారు: చక్రం నుంచి మీటరు దాకా

యంత్రాల చరిత్ర ధారావాహిక – శాశ్వత చలనం, నాలుగో భాగం

బయటి నుంచి కరెంటు గానీ ఇంధనం గానీ తీసుకోకుండా, శాశ్వత అయస్కాంతాల ఆకర్షణ వికర్షణలతోనే తిరుగుతూ, పైపెచ్చు విద్యుత్తు కూడా ఇస్తుందని చెప్పే యంత్రానికి అయస్కాంత మోటారు అని పేరు. ఫ్రీ ఎనర్జీ మోటారు అన్నా ఇదే. దీని చరిత్రలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. యంత్రం తిరిగిందని ప్రకటించినవారు మొదటి రకం. ఆ మాట విని, బొమ్మ చూసి, అదే యంత్రాన్ని తమ ఇంట్లోనో షెడ్డులోనో మళ్లీ కట్టి చూసినవారు రెండో రకం. పేరుప్రతిష్ఠలు మొదటివారికి దక్కాయి. నిజం తేలింది మాత్రం రెండోవారి బల్లల మీద. కాలం గడిచేకొద్దీ వాదం కూడా చోటు మార్చుకుంది. చక్రం తిరుగుతుందా లేదా అన్నది తొలినాటి ప్రశ్న. తిరిగే చక్రం ఎంత తీసుకుంటోంది, ఎంత ఇస్తోంది, ఆ లెక్క ఏ మీటరుతో కట్టారు అన్నది నేటి ప్రశ్న.

ఈ విషయం హైదరాబాద్‌కు రెండు వైపుల నుంచి తగులుతుంది. దేశంలో అరుదైన మృత్తిక మూలకాలతో చేసే శక్తిమంతమైన అయస్కాంతాల పరిశోధన ఎక్కువగా జరిగింది నగరానికి దక్షిణాన ఉన్న కంచన్‌బాగ్‌లో. చేతిలో ఆలోచన ఉన్నవారెవరైనా వెళ్లి నమూనా యంత్రం కట్టుకునే పెద్ద వర్క్‌షాపు ఉన్నది పడమటి దిక్కున, హైటెక్ సిటీ పక్కనున్న రాయదుర్గంలో. ఆ రెండు చోట్ల నుంచి చూస్తే అయస్కాంత మోటారు కథ తేటపడుతుంది. అందుకు ముందు పాత చక్రాల సంగతి చూడాలి.

పాదరసం చక్రం, ఇనుప పళ్ల చక్రం

దానంతటదే తిరిగే చక్రం వర్ణన భారతీయ గ్రంథాల్లో చాలా ముందే ఉంది. క్రీ.శ. 628 నాటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో బ్రహ్మగుప్తుడు, 1150 నాటి సిద్ధాంతశిరోమణిలో రెండో భాస్కరుడు ఇలాంటి చక్రాన్ని చెప్పారు. తేలికైన కర్రతో చక్రం చేసి, దాని ఆకులను బోలుగా ఉంచి, వాటిలో సగానికి పాదరసం పోసి మూతులు బిగించాలి. ఆ చక్రాన్ని రెండు ఆధారాల మధ్య ఇరుసు మీద నిలిపితే పాదరసం ఒక పక్కకు చేరుతూ చక్రాన్ని తిప్పుతూనే ఉంటుందని భావన. ఖగోళ యంత్రాల వర్ణనలో భాగంగా వచ్చిన ఈ ఆలోచన యూరప్‌లో తర్వాత వచ్చిన బరువుల చక్రాలకు మూలమై ఉండవచ్చని కొందరు సాంకేతిక చరిత్రకారులు అభిప్రాయపడ్డారు.

అయస్కాంతం ఈ కథలోకి వచ్చింది 1269లో. ఇటలీలోని లుచేరా పట్టణం ముట్టడిలో ఉన్న ఫ్రెంచి పండితుడు పెత్రుస్ పెరెగ్రినుస్ ఆ ఏడాది ఆగస్టు 8న అయస్కాంతం గురించి ఒక మిత్రుడికి సుదీర్ఘ లేఖ రాశాడు. అయస్కాంతానికి రెండు ధ్రువాలుంటాయని ప్రయోగం చేసి వివరించిన తొలి రచనల్లో అది ముఖ్యమైనది. అదే లేఖ చివర ఇనుప పళ్లున్న చక్రాన్ని ఒక సహజ అయస్కాంతం నిరంతరం తిప్పే ఏర్పాటు కూడా ఉంది. గుండ్రంగా చెక్కిన అయస్కాంతాన్ని ధ్రువాల మీద సరిగ్గా నిలిపితే ఆకాశంతో పాటు అది రోజుకొక చుట్టు తిరుగుతుందని కూడా అతను నమ్మాడు. తిరగకపోతే లోపం చేసినవాడి నైపుణ్యంలోనే ఉందనుకోవాలన్నాడు. తర్వాతి ఏడు వందల ఏళ్లలో ఫలితం రాని ప్రతి ప్రయోగికుడికీ ఏదో రూపంలో ఇదే జవాబు దొరికింది.

అయస్కాంత శాస్త్రానికి పునాది వేసిన ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్ 1600లో అచ్చైన తన గ్రంథంలో ఇలాంటి చక్రాలను కొట్టిపారేశాడు. 1648లో జాన్ విల్కిన్స్ మరో నమూనాను వర్ణించాడు. ఏటవాలు పలక పైకొనన అయస్కాంతం ఉంటుంది. అది ఇనుప గుండును పైకి లాగుతుంది. పైన ఉన్న రంధ్రంలోంచి గుండు కిందికి జారి, వంపు దారిలో మళ్లీ మొదటి చోటికి చేరుతుంది. చిక్కు విల్కిన్స్‌కే అర్థమైంది. గుండును పైకి లాగగల అయస్కాంతం దాన్ని రంధ్రంలో పడనివ్వదు. పడనిచ్చేంత బలహీనమైనదైతే కింది నుంచి లాగలేదు. తర్వాత వచ్చిన అయస్కాంత మోటార్ల ఆకారాలు ఎన్ని మారినా ఈ చిక్కు వాటన్నిటిలోనూ ఉంది.

శక్తి లెక్క

1775లో పారిస్‌లోని రాజాస్థాన విజ్ఞాన అకాడమీ శాశ్వత చలన యంత్రాల ప్రతిపాదనలను ఇకపై పరిశీలించబోమని ప్రకటించింది. అప్పటికి దానికి ఆధారం అనుభవమే. సిద్ధాంతం పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. 1842లో మేయర్, 1843 నుంచి జౌల్, 1847లో హెల్మ్‌హోల్ట్స్ చేసిన పనితో శక్తి రూపం మారుతుందే తప్ప కొత్తగా పుట్టదని స్థిరపడింది.

అయస్కాంతాల విషయంలో ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో చూడాలి. తిరిగే రోటరు మీద ఒక అయస్కాంతం, చుట్టూ కదలని స్టేటరు మీద మరికొన్ని ఉన్నాయనుకోవచ్చు. రోటరు అయస్కాంతం ఎదుటి ధ్రువం దగ్గరికి వస్తున్నప్పుడు ఆకర్షణ వల్ల వేగం పుంజుకుంటుంది. దాటిపోయేటప్పుడు అదే ఆకర్షణ వెనక్కి లాగుతుంది. వికర్షణ పెట్టినా అంతే. వెళ్లేటప్పుడు ఇచ్చే తోపు, వచ్చేటప్పుడు అడ్డుపడిన తోపుకు సమానం. గుంటలోకి దిగిన బండి ఎంత వేగంగా దిగినా అవతలి గట్టు ఎక్కడానికి ఆ వేగమంతా ఖర్చు చేసినట్టే ఇదీ. అయస్కాంతాలను వాలుగా పెట్టినా, వంపు తిప్పినా, ఒక పక్క ఇనుప కవచం కట్టినా, ఒక పూర్తి చుట్టులో దక్కిన పని మొత్తం సున్నాయే. పైగా బేరింగు రాపిడి, గాలి నిరోధం, లోహంలో పుట్టే సుడి ప్రవాహాల నష్టం ఉండనే ఉంటాయి. చక్రం ముందుకీ వెనక్కీ ఊగి ఒకచోట ఆగిపోతుంది. ప్రయోగాలు చేసేవారు ఆ చోటును స్టిక్కీ స్పాట్ అంటారు. దాన్ని దాటించే ఉపాయం కోసమే చాలా నమూనాలు పుట్టాయి.

అయస్కాంతమే తనలోని శక్తిని కొద్దికొద్దిగా ఖర్చు చేస్తూ మోటారును నడుపుతుందని మరికొందరు అంటారు. దీనికీ లెక్క ఉంది. నేడు దొరికే మేలురకం నియోడిమియం అయస్కాంతం శక్తి లబ్ధం ఘన మీటరుకు సుమారు 4 లక్షల జౌళ్లు. అంటే ఒక ఘన సెంటీమీటరుకు 0.4 జౌలు. ఒక కిలో అయస్కాంతం పరిమాణం సుమారు 133 ఘన సెంటీమీటర్లు కాబట్టి అది మహా అయితే 53 జౌళ్లు. కిలో బరువును రెండో అంతస్తు ఎత్తుకు ఒక్కసారి లేపడానికి అది సరిపోతుంది. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. ఆ లెక్కన ఒక్క యూనిట్ కోసం అరవై టన్నులకు పైగా అయస్కాంతాలను పూర్తిగా నిర్వీర్యం చేయాలి. రిమోట్‌లో వేసే చిన్న ఆల్కలైన్ సెల్లులో మాత్రం పది వేల జౌళ్ల దాకా ఉంటాయి.

ఫారడే పళ్లెం, కైగా ఇంజనీరు

చక్రం తిరగదని తేలాక వాదం తిరిగే యంత్రాల వైపు మళ్లింది. దానికి అనువైన పరికరం 1831లోనే ఉంది. అయస్కాంత ధ్రువాల మధ్య రాగి పళ్లేన్ని తిప్పితే ఇరుసుకూ అంచుకూ మధ్య వోల్టేజి పుడుతుందని మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ప్రపంచంలో తొలి జనరేటరు అదే. అయస్కాంతాన్ని కూడా పళ్లేనికి అతికించి రెండింటినీ కలిపి తిప్పినా వోల్టేజి పుడుతుందని కూడా ఫారడే గమనించాడు. అయస్కాంతమూ పళ్లెమూ ఒకదానితో పోలిస్తే ఒకటి కదలడం లేదు, అయినా విద్యుత్తు వస్తోంది. ఈ విడ్డూరానికి ఫారడే పారడాక్స్ అని పేరు.

అమెరికాలో బ్రూస్ డిపాల్మా ఈ విడ్డూరం మీదే తన ఎన్-మెషీన్‌ను కట్టాడు. అయస్కాంతం పళ్లెంతో పాటే తిరుగుతోంది కాబట్టి కరెంటు తీసినప్పుడు వెనక్కి లాగే బలం ఉండదని, దాంతో పెట్టినదానికంటే ఎక్కువ శక్తి వస్తుందని ఆయన వాదన. 1978లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో కట్టిన పెద్ద యంత్రాన్ని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ విశ్రాంత ఆచార్యుడు రాబర్ట్ కించెలో పరీక్షించి 1986లో ఫలితాలు చెప్పారు. డిపాల్మా ఇచ్చిన అంకెలు ఎక్కువగా ఉన్నాయన్నారు. అయితే వెనక్కి లాగే బలం అనుకున్నదానికంటే తక్కువగా కనిపించిందని, విషయం పూర్తిగా కొట్టివేసినట్టు కాదని కూడా అన్నారు. ఆ చివరి మాటే చాలామందికి ఊపిరి పోసింది.

భారతదేశంలో ఈ యంత్రాన్ని మళ్లీ కట్టి చూసినవారిలో అందరికంటే పేరున్నవారు పరమహంస తివారీ. ఆయన వృత్తిరీత్యా అణు విద్యుత్ ఇంజనీరు. న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్‌లో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ స్థాయికి ఎదిగి, తెలుగు రాష్ట్రాల పొరుగున ఉన్న కర్ణాటకలో కైగా అణు విద్యుత్ ప్రాజెక్టుకు డైరెక్టరుగా పనిచేశారు. పదార్థమంతా శూన్యంలోని సుడుల నుంచే పుడుతుందనే సొంత సిద్ధాంతం ఆయనకు ఉండేది. డిపాల్మా యంత్రం ఆ సిద్ధాంతానికి ఆధారమని భావించి స్పేస్ పవర్ జనరేటర్ పేరుతో తన నమూనాలు చేశారు. ఉద్యోగ విరమణ తర్వాత కైగాకు దగ్గరలోని కార్వార్‌లో పని కొనసాగించారు. చివరి దశలో రియాక్షన్‌లెస్ జనరేటర్ అనే ఏసీ యంత్రాన్ని తయారుచేసి, ఇన్‌పుట్ కంటే అవుట్‌పుట్ ఎక్కువని ప్రకటించారు. 2017లో కన్నుమూశారు. విద్యుత్ కేంద్రాలు కట్టిన ఇంజనీరు చెబుతున్నారన్న కారణంగా ఆ మాటకు బరువు వచ్చింది. కానీ బయటి సరఫరా తీసేసి, తన అవుట్‌పుట్‌తో తనే నడుస్తూ అదనంగా ఒక బల్బు వెలిగించే యంత్రం మాత్రం బయటికి రాలేదు.

ఈ రకం యంత్రాల్లో కొలత ఎందుకు కష్టమో ఒక చిన్న లెక్క చెబుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న పళ్లేన్ని 0.5 టెస్లా క్షేత్రంలో నిమిషానికి 6,000 చుట్లు తిప్పితే వచ్చేది సుమారు 1.6 వోల్టులే. ఒక కిలోవాట్ కావాలంటే ఆరు వందల ఆంపియర్లకు పైగా ప్రవాహం తీసుకోవాలి. ఆ ప్రవాహం తిరుగుతున్న అంచు మీద ఒరుసుకునే బ్రష్షుల ద్వారా బయటికి రావాలి. బ్రష్షు దగ్గర మిల్లీవోల్టుల్లో తేడా వచ్చినా, ప్రవాహాన్ని కొలిచే షంటు వేడెక్కినా లెక్క తలకిందులవుతుంది. వెనక్కి లాగే బలం లేదన్న మాటా నిలవదు. పళ్లెంలో పారే విద్యుత్తు మీద అయస్కాంత క్షేత్రం బలం చూపుతూనే ఉంటుంది; ఆ బలం తిరిగే దిశకు ఎదురుగా ఉంటుంది. దాని ప్రతిచర్య కదలకుండా ఉన్న బయటి తీగల మీద పడుతుంది. ఫారడే పారడాక్స్‌లో విడ్డూరమంతా వోల్టేజి ఎక్కడ పుడుతోందన్న దాంట్లోనే ఉంది, శక్తి లెక్కలో లేదు.

పేటెంటు, ప్రామాణిక పరీక్ష

1979 ఏప్రిల్ 24న అమెరికాలో హోవర్డ్ జాన్సన్ అనే ప్రయోగికుడికి 41,51,431 నంబరు పేటెంటు దక్కింది. వంపు తిరిగిన అయస్కాంతాలను ఒక వరుసలో పేర్చిన దారి మీద మరో అయస్కాంతం కదిలే మోటారు అది. 1980లో ఒక అమెరికన్ సైన్స్ పత్రిక దాన్ని ముఖచిత్ర కథనంగా ఇచ్చింది. అప్పటి నుంచి ఎన్నో దేశాల్లో అభిరుచి గలవారు దాన్ని కట్టి చూశారు. తిన్నని దారి మీద అయస్కాంతం ఈ కొన నుంచి ఆ కొనకు దూసుకుపోతుంది. దారిని వలయంగా మూస్తే ఆగిపోతుంది. దారి మొదట్లోకి అయస్కాంతాన్ని చేత్తో తెచ్చిపెట్టినప్పుడు ఖర్చయిన పనే తిన్నని దారి మీద కదలికగా కనిపించింది. పేటెంటు ఉందంటే యంత్రం పనిచేసినట్టని చాలామంది అనుకున్నారు. పేటెంటు అంటే ఒక ఆలోచన మీద హక్కు మాత్రమే. పనితనానికి అది సర్టిఫికెట్ కాదు.

అదే కాలంలో మిసిసిపీ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ న్యూమన్ పెద్ద రాగితీగ చుట్టలో భారీ అయస్కాంతం తిరిగే యంత్రం చేసి, బ్యాటరీలు ఇచ్చినదానికంటే అది ఎక్కువ ఇస్తుందన్నాడు. పేటెంటు కార్యాలయం నిరాకరించింది. వ్యవహారం కోర్టుకెక్కాక అమెరికా ప్రామాణిక సంస్థ నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ ఆ యంత్రాన్ని పరీక్షించింది. 1986 జూన్‌లో వచ్చిన నివేదిక ప్రకారం పరీక్షించిన ప్రతి స్థితిలోనూ అవుట్‌పుట్ ఇన్‌పుట్ కంటే తక్కువే. న్యూమన్ ఆ పరీక్షా విధానాన్ని అంగీకరించలేదు. 1989లో పై కోర్టు నిరాకరణను సమర్థించింది.

భారత చట్టంలో ఈ చిక్కుకు ముందే జవాబుంది. 1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎ) ప్రకారం స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదాన్ని ఆవిష్కరణగా పరిగణించరు. పేటెంటు కార్యాలయపు మార్గదర్శిలో దీనికి ఉదాహరణగా చెప్పేది శాశ్వత చలన యంత్రాన్నీ, నూరు శాతానికి మించి పనితనం చూపే యంత్రాన్నీ. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి వెళ్లే దరఖాస్తులు చెన్నైలోని పేటెంటు కార్యాలయ పరిధిలోకి వస్తాయి.

డబ్లిన్ ప్రకటన

ఈ చరిత్రలో ఎక్కువమంది చేతులు ఒకేసారి పనిచేసిన ఘట్టం 2006లో మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో డబ్లిన్‌కు చెందిన స్టీయోర్న్ అనే సంస్థ ది ఎకానమిస్ట్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేసింది. తాము శక్తిని ఉత్పత్తి చేసే అయస్కాంత సాంకేతికతను కనుగొన్నామని, పరీక్షించడానికి శాస్త్రవేత్తలు ముందుకు రావాలని సవాలు విసిరింది. ఆ సాంకేతికతకు ఆర్బో అని పేరు పెట్టింది. వచ్చిన దరఖాస్తుల నుంచి 22 మందితో ఒక జ్యూరీ ఏర్పడింది. 2007 జులైలో లండన్‌లోని కినెటికా మ్యూజియంలో జరగాల్సిన బహిరంగ ప్రదర్శన రద్దయింది. దీపాల వేడికి బేరింగులు పాడయ్యాయని సంస్థ చెప్పింది. 2009 జూన్‌లో జ్యూరీ ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది: శక్తి ఉత్పత్తి అవుతోందని సంస్థ చూపలేకపోయింది.

ఆ డిసెంబరులో డబ్లిన్‌లో సంస్థ మరో రకం మోటారును ప్రదర్శించింది. దాని నిర్మాణం వెంటనే అందరికీ అర్థమైంది. రోటరు అంచున నియోడిమియం అయస్కాంతాలు ఉంటాయి. స్టేటరులో ఫెర్రైట్ ఉంగరాలకు రాగితీగ చుట్టి ఉంటుంది. కరెంటు లేనప్పుడు ఫెర్రైట్ రోటరు అయస్కాంతాన్ని ఆకర్షిస్తుంది. సరిగ్గా ఎదురుగా వచ్చిన క్షణాన చుట్టలోకి కరెంటు పంపితే ఫెర్రైట్ సంతృప్తమై ఆకర్షించే గుణం కోల్పోతుంది. దాంతో అయస్కాంతం ఆగకుండా దాటిపోతుంది. చుట్ట ఉంగరంలా ఉండటం వల్ల రోటరు కదలిక దానిలో ఎదురు వోల్టేజిని పుట్టించదని, కాబట్టి కదలిక ఊరికే వచ్చినట్టని సంస్థ వాదన.

ఈ మోటారు కట్టడం కష్టం కాదు. ఫెర్రైట్ ఉంగరాలు, అయస్కాంతాలు, ఒక హాల్ సెన్సరు, ఒక ట్రాన్సిస్టరు ఉంటే చాలు. కొన్ని వారాల్లోనే అనేక దేశాల్లో అభిరుచి గలవారు దాన్ని కట్టారు, తిప్పారు. చక్రం అందరికీ తిరిగింది. అది తిరగడంలో వింతేమీ లేదు. బ్యాటరీతో నడిచే పల్స్ మోటారు అది. ఆసిలోస్కోపు పెట్టి చూసినవారికి అసలు సంగతి తెలిసింది. అయస్కాంతం దగ్గరగా ఉన్నప్పుడు చుట్ట ఇండక్టెన్స్ ఒకలా, దూరంగా ఉన్నప్పుడు మరోలా ఉంటుంది. ఇండక్టెన్స్ మారుతున్న చుట్టలోకి కరెంటు పంపినప్పుడు తరంగం ఆకారమే మారుతుంది. కదలికకు కావలసిన శక్తి ఆ మార్పులోంచే, అంటే బ్యాటరీ నుంచే వెళ్తుంది. ఎదురు వోల్టేజి కంటికి కనిపించకపోయినంత మాత్రాన ఖర్చు లేనట్టు కాదు. సంస్థ ప్రదర్శనలోనూ బ్యాటరీ ఉంది. మోటారే దాన్ని మళ్లీ నింపుతోందని సంస్థ చెప్పింది. దాన్ని తీసేసిన ప్రదర్శన జరగలేదు. కొన్నేళ్లకు సంస్థ మూతపడింది.

మీటరు ఎక్కడ తప్పుతుంది

ఇంట్లో కట్టిన నమూనాల్లో అదనపు శక్తి కనిపించడానికి కారణాలు పదేపదే ఇవే.

మొదటిది, జడత్వం. ఒక కిలో బరువు, 10 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న పళ్లెం నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే దానిలో దాదాపు 10 జౌళ్ల శక్తి నిల్వ ఉంటుంది. మంచి బేరింగుల మీద రాపిడి, గాలి కలిపి సెకనుకు 0.05 జౌలు తింటాయనుకుంటే అది మూడు నిమిషాలకు పైగా తిరుగుతుంది. పాత హార్డ్‌డిస్కుల్లోంచి తీసిన బేరింగులు వాడిన చక్రాలు చేత్తో తిప్పి వదిలితే చాలాసేపు తిరగడానికి ఇదే కారణం.

రెండోది, బ్యాటరీ. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 84 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. అర వాట్ తీసుకునే మోటారు దాని మీద వారం రోజులు నడుస్తుంది. మూడు రోజులు ఆగకుండా తిరిగిందన్న వార్త అందుకే దేనికీ రుజువు కాదు. పైగా లోడు తీసేసి కాసేపు ఉంచితే లెడ్-ఆసిడ్ బ్యాటరీ వోల్టేజి తనంతట తనే కొంత పైకి లేస్తుంది. దాన్ని చార్జింగు అనుకున్నవారు ఎందరో.

మూడోది, మల్టీమీటరు. చౌక మీటర్లు సైన్ తరంగాన్ని ఊహించుకుని లెక్క కడతాయి. పల్స్ మోటారులో కరెంటు సూదుల్లా వస్తుంది. అలాంటి చోట సగటు వోల్టేజిని సగటు కరెంటుతో గుణిస్తే వచ్చేది నిజమైన పవరు కాదు. ఏసీ అయితే వోల్టేజికీ కరెంటుకూ మధ్య దశా భేదం లెక్కలోకి రావాలి. పవర్ ఫ్యాక్టరు వదిలేస్తే అవుట్‌పుట్ ఇన్‌పుట్ కంటే ఎక్కువగా కనిపించడం తేలిక.

ఈ మూడింటినీ ఒకే దెబ్బతో తేల్చే పరీక్ష చవకైనదే. బ్యాటరీ తీసేసి దాని చోట ఒక సూపర్ కెపాసిటరు పెట్టాలి. 2.7 వోల్టుల 10 ఫారడ్ల కెపాసిటరులో నిల్వ 36 జౌళ్లే. యంత్రం నిజంగా అదనంగా ఇస్తుంటే కెపాసిటరు వోల్టేజి పెరగాలి, లేదా కనీసం నిలకడగా ఉండాలి. ఇంతవరకు ఆ వోల్టేజి ప్రతిసారీ తగ్గుతూ పోయింది.

కంచన్‌బాగ్ అయస్కాంతాలు, రాయదుర్గం బల్లలు

ఈ ప్రయోగాలకు కొత్త ఊపు తెచ్చినవి కొత్త అయస్కాంతాలు. 1960ల్లో సమారియం-కోబాల్ట్, 1980ల ఆరంభంలో నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతాలు వచ్చాయి. రెండోదాన్ని జపాన్‌లో సుమిటోమో సంస్థకు చెందిన మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన జాన్ క్రోట్ విడివిడిగా కనుగొన్నారు. ఇంత బలమైన అయస్కాంతం గుప్పిట్లోకి వచ్చేసరికి పాత చక్రాలు ఫెర్రైట్ బలహీనత వల్లే ఆగిపోయాయేమో అన్న ఆశ పుట్టింది. బలం పెరిగితే తోపు పెరుగుతుంది, అడ్డూ అంతే పెరుగుతుంది. పూర్తి చుట్టు లెక్క మారదు.

భారతదేశంలో ఈ అయస్కాంతాల విజ్ఞానానికి కేంద్రం హైదరాబాదే. 1963లో ఏర్పడిన డిఫెన్స్ మెటలర్జికల్ రీసెర్చ్ లాబొరేటరీ, డీఎంఆర్ఎల్, కంచన్‌బాగ్‌లో ఉంది. రక్షణ అవసరాల కోసం సమారియం-కోబాల్ట్ అయస్కాంతాల తయారీని అక్కడి శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు. నియోడిమియం రకం సుమారు 310 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయస్కాంతత్వం పూర్తిగా కోల్పోతుంది. సమారియం-కోబాల్ట్ రకం 700 డిగ్రీలు దాటే దాకా నిలుస్తుంది. అందుకే వేడెక్కే రాడార్ గొట్టాలకు, క్షిపణి పరికరాలకు అదే కావాలి. నాన్‌ఫెర్రస్ మెటీరియల్స్ టెక్నాలజీ డెవలప్‌మెంట్ సెంటర్ కూడా కంచన్‌బాగ్‌లోనే ఉంది. అరుదైన మృత్తిక అయస్కాంతాల తయారీ మీద అక్కడా పని జరుగుతోంది. 2023 మే 11న విశాఖపట్నంలో ఐఆర్ఈఎల్ సంస్థ సమారియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం జాతికి అంకితమైంది. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు.

సొంతంగా యంత్రం కట్టుకునే వసతి నగరానికి పడమర పెరిగింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు హైటెక్ సిటీ పూర్తిగా సాఫ్ట్‌వేర్ ప్రాంతం. ప్రయోగానికి కావలసిన బేరింగులు, మోటార్ల కోసం రాణిగంజ్‌కు, ఎలక్ట్రానిక్ విడిభాగాల కోసం కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాల్సిందే. 2023 మార్చి 2న రాయదుర్గంలో టీ-వర్క్స్ ప్రారంభమైంది. 78,000 చదరపు అడుగుల ఆ కేంద్రంలో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగు, లోహపు పని, సర్క్యూట్ బోర్డుల తయారీ వంటివన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. గతంలో నెలలు పట్టిన రోటరు పళ్లెం ఇలాంటి చోట ఒక పూటలో తయారవుతుంది. చేసినవాడి చెయ్యి సరిగా లేదన్న పెరెగ్రినుస్ నాటి జవాబుకు దీంతో చోటు తగ్గింది. కంప్యూటరు గీసిన కోణానికి తగ్గట్టు మిల్లీమీటరులో పదో వంతు తేడాతో అయస్కాంతాలను అమర్చినా చక్రం ఆ పాత చోటే ఆగుతుంది.

సాఫ్ట్‌వేర్ తెలిసినవారికి అసలు లోహమే ముట్టుకోకుండా పరీక్షించే దారి కూడా ఉంది. డేవిడ్ మీకర్ రాసిన ఫెమ్ అనే ఉచిత ప్రోగ్రాములో అయస్కాంతాల అమరిక గీసి, రోటరును కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతి కోణంలోనూ టార్క్ లెక్క కట్టవచ్చు. ఆ విలువలను పూర్తి చుట్టు మీద కూడితే సున్నా రావాలి. కొందరికి సున్నా రాదు, కొద్దిపాటి మిగులు కనిపిస్తుంది. ప్రోగ్రాము స్థలాన్ని చిన్న త్రిభుజాలుగా విడగొట్టి లెక్క కడుతుంది. త్రిభుజాలు పెద్దవైతే ఆ విభజన వల్ల వచ్చే దోషం మిగులుగా తేలుతుంది. వాటిని చిన్నవి చేస్తూ పోతే మిగులు కూడా చిన్నదవుతూ సున్నా వైపు జారుతుంది. నిజమైన శక్తి అయితే లెక్క సూక్ష్మమైన కొద్దీ మరింత స్థిరంగా నిలవాలి.

అయస్కాంతం చేసే మేలు

ఫ్రీ ఎనర్జీ అబద్ధమైనా అయస్కాంతం మోటారుకు చేసే మేలు అబద్ధం కాదు. సాధారణ సీలింగు ఫ్యానులో ఉండేది ఇండక్షన్ మోటారు. దానిలో అయస్కాంత క్షేత్రాన్ని కరెంటుతోనే పుట్టించాలి. రోటరులోనూ కరెంటు పారి వేడిగా వృథా అవుతుంది. అలాంటి ఫ్యాను 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది. రోటరులో శాశ్వత అయస్కాంతాలు పెట్టి, కరెంటును ఎలక్ట్రానిక్ సర్క్యూటుతో అందించే బీఎల్‌డీసీ ఫ్యానుకు అదే గాలికి 30 వాట్ల చుట్టుపక్కల చాలు. ఫ్యానుకు 40 వాట్లు మిగిలితే, రోజుకు 12 గంటల వాడకానికి నెలకు 14 యూనిట్ల ఆదా. విద్యుత్ కార్లలో, స్కూటర్లలో చాలా మోటార్లు ఇదే సూత్రం మీద నడుస్తాయి. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన మృత్తిక మూలకాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే వాహన పరిశ్రమ కలవరపడింది అందుకే.

అయస్కాంతం ఇక్కడ ఇచ్చేది క్షేత్రం. ఆ క్షేత్రాన్ని నిలిపి ఉంచడానికి ఏ ఖర్చూ ఉండదు. దాన్ని ఆసరా చేసుకుని జరిగే పనికి మాత్రం ప్రతి జౌలూ కరెంటు నుంచే రావాలి. పెరెగ్రినుస్ చక్రం నుంచి ఆర్బో దాకా కట్టిన నమూనాలన్నీ ఈ రెండింటికీ ఉన్న తేడా దగ్గరే ఆగాయి. ఆ తేడాను కొలిచి చూపించినవారు ఎక్కువగా అనామక ప్రయోగికులే. యంత్రాన్ని నమ్మి కట్టడం మొదలుపెట్టినా, బ్యాటరీ తీసేసి మీటరు చూసే ఓపిక వారికి ఉంది. కొత్త నమూనా ఏది వచ్చినా దాన్ని తేల్చే పద్ధతి కూడా వారు స్థిరపరచినదే: యంత్రం అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి, బయటి తీగలన్నీ విప్పి, ఒక కెపాసిటరు వోల్టేజిని గమనించడం.